కాడి, పగ్గం, కొక్కెం: ‘యోగం’ మాటలో దాగిన అర్థాలు



ఈ వారం మన ఛానల్‌లో కఠోపనిషత్తులోని రథం గురించి చెప్పుకున్నాం కదా. వీడియోలో సమయం చాలక వదిలేసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. వీడియో చూడనివాళ్ళకి కూడా అర్థమయ్యేలాగే రాస్తాను.

ముందు ఒక మాట చూద్దాం. హార్నెస్. ఇంగ్లీషు మాటే, కానీ మన విశాఖలో దీన్ని ఎవరికీ విప్పి చెప్పక్కరలేదు. మద్దిలపాలెం జంక్షన్‌లో తెల్లారకుండా బస్సు కోసం నిలబడి స్టీల్ ప్లాంటుకో, షిప్‌యార్డుకో, పోర్టుకో డ్యూటీకి వెళ్ళేవాళ్ళని అడగండి. భుజాల మీదుగా, తొడల చుట్టూ పట్టీలు బిగించుకుని, వీపు దగ్గరున్న తాడు కొక్కేన్ని ఏ దూలానికో తగిలించుకుని ఎత్తులో పనిచేస్తారు. కొత్త అపార్ట్‌మెంట్లకు రంగులు వేసే కుర్రాళ్ళు కూడా అంతే. కింద నుంచి వాళ్ళని చూసి మనకి కళ్ళు తిరుగుతాయి, వాళ్ళు మాత్రం పాటలు వింటూ బ్రష్షు ఆడిస్తుంటారు.

కానీ ఆ మాటకి మొదటి అర్థం ఇది కాదు. గుర్రాన్ని బండికి కట్టే సరంజామా అంతటినీ కలిపి హార్నెస్ అంటారు. మన పల్లె భాషలో ఒక్కోదానికీ ఒక్కో పేరుంది. ఎద్దు మెడ మీద కాడి, ముక్కుకి ముకుతాడు, మెడకి పలుపు, గుర్రం నోటికి కళ్ళెం, నడిపేవాడి చేతిలో పగ్గాలు. ఇవన్నీ పొలం నుంచి మన మాటల్లోకి వచ్చేశాయి. నోటికి కళ్ళెం వెయ్యి అంటాం. వ్యాపారం పగ్గాలు కొడుకు చేతికిచ్చాడు అంటాం. మధ్యలో చేతులెత్తేసినవాణ్ణి కాడి పారేశాడు అంటాం. మెడ మీద ఎప్పుడూ కాడి పడని వాళ్ళు కూడా ఈ మాట అనేస్తుంటారు, అది వేరే సంగతి.

మూడో అర్థం ఇంకోటుంది. గాలిని, ఎండని, నీటిని కట్టి పని చేయించుకోవడం. మాచ్‌ఖండ్ దగ్గర కొండల మీంచి దూకే నీటిని పట్టి కరెంటు తీస్తున్నారు కదా, దాన్ని కూడా ఇంగ్లీషులో ఈ మాటతోనే చెబుతారు. మనం ‘వినియోగించుకోవడం’ అంటాం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ ‘వినియోగం’ అన్న మాట ఉంది చూశారా, అది ‘యుజ్’ అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. యుజ్ అంటే కలపడం, జోడించడం. వేదకాలంలో ఎక్కువగా వాడింది గుర్రాన్ని రథానికి, ఎద్దుని బండికి కట్టడానికే. అంటే అచ్చంగా హార్నెస్ చెయ్యడమే! ఆ ఒక్క ధాతువు నుంచి మన తెలుగులోకి ఎన్ని మాటలు వచ్చాయో లెక్కపెట్టండి. యోగం, సంయోగం, వియోగం, ప్రయోగం, నియోగం, ఉపయోగం. యుగళం అంటే జంట. కాడికి సంస్కృతంలో ‘యుగం’ అని పేరు. ఇంగ్లీషువాళ్ళు కాడిని ‘యోక్’ అంటారు, అది కూడా ఈ కుటుంబపు మాటే. చివరికి మన ‘ఉద్యోగం’ కూడా! ఏ ఉద్యోగం కోసం 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ ఈ ఊరు ఊరంతా రోడ్డు మీదకి వచ్చిందో, ఏ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని ఇవాళ ఎన్నో ఇళ్ళల్లో నిద్రపట్టడం లేదో, ఆ మాటలో కూడా ఒక కాడి ఉంది. ‘యుక్తవయసు’ అంటామే, అందులోనూ ఉంది. బరువు మోయడానికి తగిన వయసన్నమాట.

అంచేత యోగం అంటే ముక్కు మూసుకుని కూర్చోవడం, ఒళ్ళు వంచడం మాత్రమే అనుకోకండి. నేను ఆసనాలని తక్కువ చెయ్యడం లేదు, ఆరోగ్యానికి మంచివి, వెయ్యండి. కానీ ఆ మాట పుట్టిన చోట ఒక రథం ఉంది, గుర్రాలున్నాయి, పగ్గాలు పట్టుకున్న ఒక చెయ్యి ఉంది.

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పింది ఆ రథం గురించే. శరీరం రథం. లోపల కూర్చున్న జీవుడు ఆ రథానికి యజమాని. బుద్ధి సారథి. ఇంద్రియాలు గుర్రాలు. అవి పరిగెత్తే దారులు మన కంటికీ చెవికీ నాలుకకీ తగిలే విషయాలు. మరి మనసు? ఇక్కడే చాలామంది పొరపడతారు. మనసు గుర్రం లాంటిదని మనం అలవాటుగా అనేస్తాం. యముడు అలా చెప్పలేదు. మనసు పగ్గం అన్నాడు.

తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. మనసు గుర్రమైతే దాన్ని కొట్టి లొంగదియ్యాలి అనిపిస్తుంది. మనలో చాలామంది చేసే పని అదే. పూజలో కూర్చోగానే ఆలోచనలు వస్తే మన మీద మనమే విసుక్కుంటాం. కానీ పగ్గం శత్రువు కాదు కదండీ. అది సారథికీ గుర్రానికీ మధ్య ఉన్న తాడు. ఇటు వదులైతే గుర్రం దాని ఇష్టం, అటు ఎప్పుడూ బిగించి లాగుతూ ఉంటే గుర్రం నోరు మొద్దుబారిపోతుంది. ఆ తర్వాత ఎంత లాగినా దానికి తెలియదు. మన ఆర్కే బీచ్‌లో పిల్లల్ని గుర్రం ఎక్కించి తిప్పేవాళ్ళుంటారు, ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. పని తెలిసినవాడు తాడు ఊరికే లాగడు, పట్టుకుంటాడంతే. పిల్లల చదువు విషయంలో కూడా ఈ మాట గుర్తుపెట్టుకోవాల్సిన తల్లిదండ్రులు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు.

బుద్ధి సారథి అన్నాం. సారథికి ఏం కావాలి? బలమా? మన ఉత్తరాంధ్రలోనే దీనికి సమాధానం ఉంది. శ్రీకాకుళం పక్కన అరసవల్లి వెళ్ళినవాళ్ళందరూ సూర్యనారాయణమూర్తిని చూసే ఉంటారు. ఏడు గుర్రాల రథం. ఆ పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో గమనించారా? అనూరుడు. ఊరువులు అంటే తొడలు. అవి లేనివాడు కనుక అనూరుడు.

మహాభారతం ఆదిపర్వంలో ఆయన కథ ఉంది. వినత రెండు గుడ్లు పెట్టుకుని ఐదు వందల ఏళ్ళు కనిపెట్టుకుని ఉంది. సవతి కద్రువ గుడ్లలోంచి వెయ్యి పాములు బయటికి వచ్చేశాయి. తనకింకా పిల్లలు రాలేదే అన్న ఆత్రంలో వినత ఒక గుడ్డు పగలగొట్టేసింది. నడుము పైభాగం తయారైంది, కింది భాగం ఇంకా తయారవలేదు. ఆ బిడ్డే అనూరుడు. నీ తొందర వల్ల నాకీ గతి పట్టింది, నువ్వు దాస్యం చేస్తావు, రెండో గుడ్డునైనా ఓపిగ్గా ఉంచుకో, దాంట్లోంచి వచ్చేవాడే నిన్ను విడిపిస్తాడు అని తల్లికి చెప్పి ఆకాశానికి వెళ్ళాడు. ఆ రెండోవాడే గరుత్మంతుడు. కాళ్ళు లేని ఈ పెద్దవాడికేమో లోకంలోకెల్లా పెద్ద రథం పగ్గాలు దక్కాయి.

ఆలోచించండి. రోజూ ఎక్కడా ఆగని ప్రయాణం, దాన్ని నడిపేవాడు ఒక్క అడుగు కూడా వెయ్యలేనివాడు. సారథి పరిగెత్తక్కరలేదు. పరిగెత్తడానికి గుర్రాలున్నాయి. సారథి కూర్చోవాలి, చూడాలి, పట్టుకోవాలి. మంచాన పడి, ఇక నా వల్ల ఏమవుతుంది అని బాధపడే పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో ఉంటారు. వాళ్ళకి ఈ కథ చెప్పండి. మనవళ్ళ చేత చెప్పించండి, ఇంకా మంచిది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. భారత యుద్ధం పద్నాలుగో రోజు. ముందురోజు అభిమన్యుడు పోయాడు. సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి చంపుతాను, లేకపోతే అగ్నిలో దూకుతాను అని అర్జునుడు ప్రతిజ్ఞ పట్టాడు. ఎవరైనా పనికి అడ్డుపడితే ఇప్పటికీ ‘సైంధవుడిలా’ అంటామే, ఆ సైంధవుడు. వాడు సైన్యం వెనక ఎక్కడో దాక్కున్నాడు. మధ్యలో ద్రోణుడు పన్నిన వ్యూహం. పొద్దు పడమటికి వాలుతోంది. క్షణం క్షణం లెక్క.

అలాంటి వేళ అర్జునుడు ఏమన్నాడో తెలుసా? కృష్ణా, గుర్రాలు అలిసిపోయాయి, ఒంటినిండా బాణాలున్నాయి, వాటిని విప్పి కాస్త సేద తీర్చడం మంచిదనిపిస్తోంది, నువ్వేమంటావు అన్నాడు. కృష్ణుడు సరే, నా ఆలోచన కూడా అదే అన్నాడు. అర్జునుడు రథం దిగి, నేల మీద నిలబడి చుట్టూ వచ్చే సైన్యాన్ని ఒక్కడే ఆపాడు. ఇక్కడ నీళ్ళు లేవు, వీటికి ఒళ్ళు కడిగితే చాలదు, తాగడానికి నీళ్ళు కావాలి అన్నాడు కృష్ణుడు. అర్జునుడు బాణంతో భూమిని చీల్చి కొలను తెప్పించాడు. బాణాలతోనే చుట్టూ పందిరి అల్లాడు. అప్పుడు పరమాత్మ ఏం చేశాడు? యుద్ధం మధ్యలో, శత్రువులు నోరెళ్ళబెట్టి చూస్తూ ఉండగా, నింపాదిగా నవ్వుతూ గుర్రాల్ని కాడి నుంచి విప్పాడు. తన చేతులతో ఒక్కో బాణం పీకాడు. ఒళ్ళు రుద్దాడు. నీళ్ళు పట్టాడు, మేత పెట్టాడు. వాటి అలసట తీరాక మళ్ళీ కట్టాడు. ఆ తర్వాత రథం ముందుకన్నా వేగంగా వెళ్ళింది.

ఇది ద్రోణపర్వంలో ఉంది. తిక్కనగారు తెలుగు చేసిన పర్వాల్లో అదొకటి, ఆసక్తి ఉన్నవాళ్ళు తెచ్చుకుని చదవండి. పార్థసారథి అనగానే మనకి గీత చెబుతున్న కృష్ణుడే గుర్తొస్తాడు. క్యాలెండర్లలో అదే బొమ్మ, గుమ్మాల మీద అదే బొమ్మ. గుర్రం ఒంట్లోంచి బాణం పీకుతున్న కృష్ణుడి బొమ్మ ఎవరూ ఎందుకు వెయ్యరో నాకు తెలియదు. నా దృష్టిలో సారథి అన్న పేరుకి అంతకంటే తగిన బొమ్మ లేదు. పగ్గం పట్టడం వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. ఎప్పుడు విప్పాలో తెలియాలి. అదీ తనకే తీరిక లేనప్పుడు.

మన పల్లెల్లో ఈ సంగతి పెద్దగా శాస్త్రం చదవకుండానే తెలుసు. ఏరువాక పున్నమికి ఎడ్లని కడిగి, కొమ్ములకి రంగులు వేసి, పూజ చేసి అప్పుడు నాగలి కడతారు. సంక్రాంతి మర్నాడు కనుమ రోజు అసలు కాడే కట్టరు. పని చేసే ప్రాణికి ఒక రోజు సెలవు, ఆ రోజు దానికే దండం. మరి మన సంగతి? రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే ఇంటికొచ్చి, రెండు గంటలు పడుకుని పిల్లాడి ఫీజు కోసం ఓవర్‌టైముకి మళ్ళీ వెళ్ళేవాళ్ళకి కనుమ ఏది? ఆదివారం కూడా ఫోన్ మోగితే ఉలిక్కిపడే కుర్రాళ్ళకి ఏది? కింద పదిమంది పనిచేసే స్థానంలో మీరుంటే, ఆ పదిమంది ఒంట్లో ఎన్ని బాణాలు దిగి ఉన్నాయో ఒకసారి చూడండి. నేను ఇక్కడ ఏ ఒక్కరినీ అనడం లేదు. ఇంట్లో పనిమనిషి ఉన్న ప్రతివాళ్ళకీ ఈ మాట వర్తిస్తుంది, నాకు కూడా.

ఇంట్లో సంగతి వచ్చింది కనుక, ఒక ప్రవచనం అయ్యాక ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న చెబుతాను. పెళ్ళి కుదిరిన అమ్మాయి. గురువుగారూ, పెళ్ళిలో మా తల మీద కాడి పెడతారట, నడుముకి గడ్డితాడు కడతారట, మేమేమైనా ఎడ్లమా అంది. పక్కనున్న వాళ్ళమ్మ గిల్లింది. గిల్లక్కరలేదమ్మా, మంచి ప్రశ్న అన్నాను.

రెండూ నిజమే. ఆపస్తంబ సూత్రం పాటించే మన తెలుగు కుటుంబాల పెళ్ళిళ్ళలో ఈ రెండూ ఉన్నాయి. నడుముకి కట్టే తాడు పేరు యోక్త్రం. అది కూడా యుజ్ నుంచి వచ్చిన మాటే, కాడికి కట్టే తాడని అర్థం. యజ్ఞంలో యజమాని భార్యకి కూడా యోక్త్రం కడతారు. అది కట్టాకే ఆవిడ ఆ కర్మలో భాగస్వామి. సైనికుడు నడికట్టు బిగించినట్టు అన్నమాట, పశువుకి పలుపు వేసినట్టు కాదు.

ఇక కాడి సంగతి. తల మీద దర్భతో చేసిన చుట్ట పెట్టి, దాని మీద కాడి రంధ్రం వచ్చేలా ఉంచి, ఆ రంధ్రంలో బంగారం ఉంచి, నీళ్ళు పోస్తారు. యుగచ్ఛిద్రాభిషేకం అంటారు. దీని వెనక ఋగ్వేదంలోని అపాల కథ ఉంది. అపాలకి చర్మవ్యాధి. భర్త వదిలేశాడు. ఆవిడ ఎవరి దగ్గరా ఏడవలేదు, నేరుగా ఇంద్రుడికే సోమం ఇచ్చి తనకి కావలసింది అడిగింది. ఇంద్రుడు ఆవిణ్ణి రథపు రంధ్రంలోంచి, బండి రంధ్రంలోంచి, కాడి రంధ్రంలోంచి లాగి సూర్యుడిలా మెరిసే చర్మం ఇచ్చాడు. చూశారా, ఇక్కడ కాడి మెడ మీద బరువుగా రాలేదు. ఒక వాకిలిలా వచ్చింది. అవతలికి దాటించడానికి.

ఈ వివరణ విని ఆ అమ్మాయి, బాగానే ఉంది గానీ పెళ్ళయ్యాక ఏమవుతుంది అంది. అక్కడే అసలు చిక్కుంది. కాడికి రెండు పక్కలుంటాయి. జోడెద్దుల్లో ఒకటి లాగుతూ రెండోది ఊరికే నడిస్తే, బరువంతా ఒక్క మెడ మీద పడి కాయ కాస్తుంది, నాగలి చాలు వంకర పోతుంది. రైతుకి ఇది వెంటనే కనిపిస్తుంది. ఇంట్లో ఎందుకు కనిపించదు? ఇద్దరూ ఉద్యోగం చేసి సాయంత్రం ఇంటికొస్తే ఒకరు సోఫాలోకి, ఒకరు వంటింట్లోకి వెళుతుంటే అది ఏ కాడి? మంత్రాలు చదివించుకున్న మగపిల్లలూ, మీ పక్క కాడి ఖాళీగా ఉందేమో చూసుకోండి. పురోహితుడు ఆ రోజు మీ చేత పట్టించిన చెయ్యి ఆవిడదే.

ఇప్పుడు మొదట చెప్పిన సేఫ్టీ హార్నెస్ దగ్గరికి ఒకసారి వెళ్దాం, ఎందుకంటే భక్తికి దాంతో దగ్గర పోలిక ఉంది. గుర్రానికి కట్టింది బరువుకి కలుపుతుంది. మనిషి వేసుకున్నది ఆధారానికి కలుపుతుంది. ఎత్తులో పనిచేసే ఒకాయన నాతో అన్నమాట ఇది: వేసుకుంటే సరిపోదండి, తగిలించాలి. పట్టీలన్నీ బిగించుకుని, కొక్కెం మాత్రం ఎక్కడా తగిలించకుండా పని చేసేవాళ్ళుంటారట. చూడ్డానికి అన్నీ ఉన్నట్టే ఉంటుంది. జారితే మాత్రం ఏమీ లేదు. తగిలించేది కూడా కాళ్ళ దగ్గర కాదట, వీలైనంత వరకు భుజాల కంటే పైన గట్టి ఆధారానికి తగిలించాలట. ఎంత పైన తగిలిస్తే జారినప్పుడు పడే దూరం అంత తక్కువ.

బొట్టు, మాల, కంకణం, వారం వారం ఉపవాసం ఇవన్నీ పట్టీలు. మంచివే, వద్దనను. కొక్కెం ఎక్కడ తగిలించారు? డబ్బుకా, పదవికా, పిల్లలు చూస్తారన్న ఆశకా? అవన్నీ మనతో పాటు కదిలిపోయేవే, మన కంటే కిందనే ఉన్నవి కూడా. జపం మొదలుపెట్టేటప్పుడు ఋషి, ఛందస్సు, దేవత చెప్పుకుని చివర్లో ‘వినియోగః’ అంటాం కదా. ఈ మంత్రాన్ని ఫలానా దానికి జోడిస్తున్నాను అని చెప్పుకోవడమే అది. కొక్కెం తగిలించిన చప్పుడు అనుకోండి. సింహాద్రి అప్పన్నని మొక్కుకునే వాళ్ళు ఆ పేరు తలుచుకున్నా చాలు, మంత్రం రాకపోయినా ఫరవాలేదు.

గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు యోగానికి ఒక విచిత్రమైన నిర్వచనం చెప్పాడు. దుఃఖంతో మనకి ఏర్పడిన సంయోగం ఉందే, దాని నుంచి వియోగమే యోగం అన్నాడు. ఒకే వాక్యంలో కట్టడం, విప్పడం రెండూ వచ్చాయి. మనం దేనికీ కట్టి లేము అనుకుంటాం గానీ, చాలామందిమి ఏదో ఒక దుఃఖానికి ఏళ్ళ తరబడి కట్టేసుకుని దాన్ని లాగుతూనే ఉంటాం. పదేళ్ళ కిందట అన్నదమ్ముడు అన్న మాట. ఆస్తి పంపకంలో పోయిన రెండు సెంట్లు. రాని ప్రమోషను. దాన్ని విప్పు అంటున్నాడు. అర్జునుడు వెంటనే, మనసుని పట్టడం గాలిని పట్టడం లాంటిదయ్యా అన్నాడు. కృష్ణుడు కాదనలేదు. కష్టమే, అభ్యాసంతో, వైరాగ్యంతో వస్తుంది అన్నాడు. అభ్యాసం అంటే రోజూ పగ్గం చేతిలోకి తీసుకోవడం. వైరాగ్యం అంటే రోజూ కాసేపు కాడి దించడం.

కాబట్టి ఈ వారానికి చిన్న పని పెట్టుకోండి. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుంటాం కదా, ఆ రెండు నిమిషాలూ ఫోన్ గూట్లో పెట్టేయండి. కళ్ళకి నీళ్ళు పెట్టండి, చెవులకి నిశ్శబ్దం ఇవ్వండి. పొద్దుటి నుంచి పరిగెత్తిన గుర్రాలు కదా అవి. ఎక్కడెక్కడ బాణాలు దిగాయో ఒకసారి తడిమి చూసుకుని, పక్కన ఇంట్లో ఇంకెవరైనా అలిసిపోయి ఉన్నారేమో కూడా చూసి, ఆ తర్వాత దీపం పెట్టండి.

వచ్చే వారం వీడియోలో నలుడి కథ చెప్పుకుందాం. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు, ఋతుపర్ణుడి గుర్రపుశాలలో అందరూ బక్కవని పక్కన పెట్టిన గుర్రాల్నే ఎందుకు ఎంచుకున్నాడో అందులో చూద్దాం. స్వస్తి.